గురిగింజ ఎత్తు వెండి

లాకుల దగ్గర అడ్డంపడ్డ గుర్రపుడెక్కను
ఏసురత్నం గెడకర్రతో గట్టుకు లాగుతాడు.
కాలేజీలో అటెండరు. నా పరిశోధనలో సగం అతని భుజమే.
"ఈ దరిద్రపు మొక్కకీ పని దొరికిందా మేడమ్?"

ఆకుల్ని మూడు నీళ్ళలో కడుగుతాను.
బురద పోతుంది, నత్తపిల్లలు పోతాయి,
ఎవరో వదిలిన షాంపూ ప్యాకెట్టు పోతుంది.
సన్నగా తరిగి ఉడికిస్తే
గదంతా తోటకూర వాసన.

వడగట్టిన కషాయంలోకి
వెండి ఉప్పు కరిగిన నీళ్ళు
చుక్క చుక్కగా వదులుతాను.
ముందు ఏమీ జరగదు.
ఏమీ జరగకపోవడాన్ని చూస్తూ కూర్చోవడమే
ఈ చదువులో పెద్ద భాగం.
తర్వాత ఎండుగడ్డి రంగు.
సఖినేటిపల్లి పంటు రెండోసారి రేవు దాటేసరికి
తేనె.
సాయంత్రానికి, ఏసురత్నం తాగే టీ.

మా నాన్న లక్కోజు వీరాచారి
నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చుని
గొట్టంతో నిప్పునూది వెండి కరిగించాడు.
ఆయన దగ్గు ఇంకా ఆ గొట్టంలోంచే వస్తుంది.
సీసా చేతిలో పెట్టి, ఇది వెండి అన్నాను.
గీటురాయి కోసం అలవాటుగా చెయ్యి చాచి
వెనక్కి తీసుకున్నాడు.
"ఎంతెత్తు?"
"గురిగింజ ఎత్తు కూడా ఉండదు."
"ఎన్ని పూసలు?"
"జిల్లాలో పుట్టినవాళ్ళకీ పుట్టబోయేవాళ్ళకీ పంచినా
ఇంకా మిగులుతాయి."
"మరి మెరవదే?"
"మెరవనంత చిన్నవి నాన్నా."
"నిప్పు?"
"ఆకు ఉడకడానికే."
చాలాసేపు మాట్లాడలేదు.
చివరికి, "తరుగెంత పోతుంది?" అని మాత్రం అడిగాడు.

రొయ్యల షెడ్డులో తలలు వలిచే కొల్లాటి వెంకాయమ్మకి
వేళ్ళ సందులు ఒరిసి, పాసి, ఎర్రగా ఉంటాయి.
ఆ పుండులోని క్రిముల్ని దూదితో తెచ్చి
పళ్ళెంలో పెంచి
నడుమ నా టీరంగు చుక్క వేశాను.
మర్నాటికి దాని చుట్టూ ఖాళీ వలయం,
వానకి ముందు చంద్రుడికి గుడి కట్టినట్టు.
ఆమెకి చూపించాను.
"అయితే ఓ గుడ్డముక్క ముంచి ఇయ్యమ్మా, కట్టుకుంటాను."

ఇవ్వకూడదు.
పళ్ళెంలో చచ్చింది చేతిలో చావాలని లేదు.
మంచి క్రిమికీ చెడ్డ క్రిమికీ అది తేడా చూడదు.
ఇంకా ఎలుకలున్నాయి, కాగితాలున్నాయి, ఏళ్ళున్నాయి.
ఆమె తలూపి
ఆ వేళ్ళతోనే సంచి అందుకుని
నాలుగింటి ఆటో ఎక్కింది.

మే నెల. కాలువలు కట్టేశారు.
డిస్టిల్డ్ వాటర్ డబ్బా నిండుకుంది.
నేను ఇబ్బంది పడతానని
ఏసురత్నం ఇంటి నుంచి బోరు నీళ్ళు తెచ్చి నింపాడు.
చెప్పలేదు.
చుక్క పడగానే జాడీ అంతా
పాలు విరిగినట్టు తెల్లగా.
తేనె లేదు, టీ లేదు.
నా నెల జీతమంత వెండి అడుక్కి దిగిపోయింది.
తిట్టబోయాను.
"మా పేట బోరే మేడమ్. మేం తాగేదే."

ఉప్పుకు ఉప్పు తగిలింది.
నోట్లో మాట నోట్లోనే ఉంది.

ఆ వారమంతా అతని సైకిలు వెనక
మొగల్తూరు వైపు, పేరుపాలెం వైపు,
వెండి ఉప్పు బుడ్డి పట్టుకుని తిరిగాను.
బోరుకో సీసా. సీసాకో చుక్క.
ఒకచోట మజ్జిగ తేట.
ఒకచోట గంజి.
వెంకాయమ్మ చేతులు కడుక్కునే కుండలో
చెంచా నిలబడేలా పెరుగు.
ఆ కుండ దగ్గర నేనేమీ రాసుకోలేదు.

సీసాలన్నీ ల్యాబు కిటికీలో పెట్టాం,
సముద్రం వైపు నుంచి వరసగా.
ఎండ తగిలి ఆ తెలుపు
మెల్లగా ఊదారంగుకి తిరుగుతోంది.
గట్టున గుర్రపుడెక్క ఎండుతోంది, ఈవేళ దాని జోలికి పోలేదు.

ఏసురత్నం ఒక్కో సీసా మీద ఊరి పేరు
కూడబలుక్కుంటూ చదివి,
వెనక్కి తిరిగి అడిగాడు:
"మా పేటది ఏది మేడమ్?"